తాతయ్య ప్లాన్‌లో లేని తలుపు

మా తాతయ్య కట్టుకున్న ఇంటిని చూడటానికి జనం ఇప్పుడు టికెట్టు కొనుక్కుని మరీ వస్తున్నారు. రానివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. అద్దాల గోడలు చూసి ఆహా అంటారు, సన్నటి ఇనుప స్తంభాల మీద తేలుతున్నట్టు కనబడే చదును కప్పు చూసి ఓహో అంటారు, ఫోటోలు దిగి వెళ్ళిపోతారు. నాకు మాత్రం ఆ వీధి మలుపు తిరిగితే చాలు, ఒళ్ళు మండుతుంది. నేను చెప్పదలచుకున్నది ఆ ఇంటి గురించి కాదు. ఆ ఇంట్లో ఒక్క తలుపు కోసం జన్మంతా పోట్లాడిన మా మేనత్త గురించి. ఇంటి గురించి చెప్పకుండా ఆవిడ సంగతి చెప్పలేను కాబట్టి, సరే, ముందు ఇంటి గురించే చెప్తాను.

తాతయ్య ఇళ్ళ ప్లాన్లు గీసే మనిషి. ఆ రోజుల్లో వీధిలో ఇళ్ళన్నీ చిన్న చిన్న కిటికీలతో, చీకటి గదులతో ఉండేవి. ఆయనకు అవంటే గిట్టేది కాదు. అందుకని తన ఇంటికి తూర్పున ఈ చివర నుంచి ఆ చివర దాకా అద్దమే పెట్టాడు. హాలు మధ్యలో నేలను రెండు మెట్లు దించి, చుట్టూ సిమెంటు అరుగు పోయించి, దాని మీద మెత్తలు పరిపించాడు. కూర్చోవాలంటే అందులోకి దిగాలి. వంటిల్లు హాలులో భాగమే, మధ్యలో నడుమెత్తు గట్టు తప్ప అడ్డం లేదు. బీరువాలు, పుస్తకాల అరలు, మంచాలు కూడా గోడలతో పాటే కట్టేశారు, జరపడానికి లేదు. పడక గదులు రెండు. రెండింటికీ గోడలున్నాయి గానీ, గోడ మధ్య వెడల్పాటి ఖాళీ ఉంది, తలుపు లేదు. స్నానాల గదికి మాత్రం పెట్టాడు, మహానుభావుడు!

ఎవరైనా అడిగితే ఆయన ఒకటే మాట చెప్పేవాడు. "ఒకే ఇంట్లో ఉండేవాళ్ళకి దాపరికం ఏంటండీ? గాలి తిరగాలి, వెలుతురు తిరగాలి, మనుషులు తిరగాలి." వినడానికి ఎంత బాగుందో చూడండి. నాన్నమ్మ ఆ గట్టు వెనక నిలబడి, వచ్చే పోయే వాళ్ళందరి కళ్ళ ముందూ వంట చేసిందని మాత్రం ఆ ఇంటి మీద రాసినవాళ్ళెవరూ రాయలేదు.

ఇల్లు కడుతున్నప్పుడు అత్తకు పద్నాలుగో, పదిహేనో ఏళ్ళు. తండ్రికి టీ పట్టుకుని రోజూ అక్కడికి వెళ్ళేది. గోడలు లేచాయి, కప్పు పడింది, తన గదికి తలుపు వస్తుంది, వస్తుందని చూసింది. రాలేదు. అడిగితే తాతయ్య నవ్వేశాడట. సామాన్లు లారీకి ఎక్కించే రోజున అత్త పాత అద్దె ఇంట్లో తన పెట్టె మీద కూర్చుని మొండికేసింది. బతిమాలారు, కసిరారు, ఒక్కటి పడిందని కూడా విన్నాను. కదలలేదు. చివరికి నాన్నమ్మే కల్పించుకుంది. "పిల్లకి ఒక్క తలుపు పెట్టించండి. మీ ఇల్లేమీ కూలిపోదు" అంది. నాన్నమ్మ గొంతు లేపడం అదే మొదలూ, అదే ఆఖరూ అని మా నాన్న చెప్పేవాడు.

వడ్రంగి వచ్చి తలుపు చేసి బిగించాడు. లేత రంగు చెక్క, లోపల పక్క చిన్న గడియ. తాతయ్య దాన్ని ఎప్పుడూ తన ప్లాన్‌లోకి ఎక్కించలేదు. కాగితం మీద గీస్తే ఓడిపోయినట్టు లెక్క కదా! ఆ వైపు చూడకుండా నడవడం నేర్చుకున్నాడు.

కొన్నాళ్ళకు ఒక పత్రిక నుంచి ఫోటోగ్రాఫరు వచ్చాడు. ఆ పొద్దున తాతయ్యా, ఆయనా కలిసి తలుపును బందుల నుంచి ఊడదీసి, చెరో చివరా పట్టుకుని పెరట్లోకి మోసుకుపోయారు. అత్తను గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టి చేతికి ఒక పుస్తకం ఇచ్చారు. "అమ్మా, కదలకు. మామూలుగా చదువుకుంటున్నట్టు ఉండు" అన్నాడట తాతయ్య. హాలు, పల్లపు అరుగు, వెనకాల తలుపు లేని గది, అందులో తల వంచుకున్న ఆడపిల్ల. ఆ ఫోటో ఎన్ని పుస్తకాల్లో పడిందో! 'అడ్డుగోడలు లేని జీవితం' అని కింద రాసేవారు. ఆ పిల్ల అప్పుడు ఏడుపు ఆపుకోవడానికి పుస్తకంలోకి తల దూర్చిందని అత్త చెబితేనే నాకు తెలిసింది. సాయంత్రం వడ్రంగి వచ్చి తలుపు మళ్ళీ బిగించి పోయాడు.

చదువయ్యాక అత్త టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరింది. చెవులకు ఫోను పట్టీ తగిలించుకుని, ఎదురుగా బల్ల మీద వైర్లు ఇక్కడ పీకి అక్కడ గుచ్చుతూ, పొద్దంతా ఊరి గొంతులన్నీ వినేది. 'హలో' అనడం అలవాటై ఇంట్లో ఎవరు పిలిచినా "హలో" అనే పలికేది. అందుకే మేం పిల్లలం ఆవిడకు హలో అత్త అని పేరు పెట్టాం. చివరికి పాలవాడు కూడా అలాగే పిలిచేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఒకాయన వచ్చేవాడు, ఎక్స్ఛేంజిలోనే పని. వచ్చిన ప్రతిసారీ ఆ పల్లపు అరుగులో తాతయ్య ఎదురుగా కూర్చోవాల్సి వచ్చేది. గట్టు వెనక నుంచి నాన్నమ్మ, పుస్తకాల అర పక్క నుంచి మా నాన్న. పాపం, అత్తతో ఒక్క ముక్క మాట్లాడటానికి ఆ ఇంట్లో చోటేది? కొన్నాళ్ళు చూసి మానేశాడు.

డ్యూటీ నుంచి రాగానే అత్త గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. ఆ తర్వాత ఎవరు పిలిచినా పలికేది కాదు. నేను తలుపు ముందు మొజాయిక్ నేల మీద బోర్లా పడుకుని, కింది సందులోంచి వేళ్ళు లోపలికి పెట్టేదాన్ని. అత్త కాలి బొటనవేలితో నా వేళ్ళ మీద మెల్లగా తొక్కేది. తర్వాత గడియ తీసేది. లోపల చూస్తే విశేషం ఏమీ ఉండేది కాదు. మంచం, కుర్చీ, ఆపేసిన రేడియో.

"ఏం చేస్తుంటావు అత్తా లోపల?"

"ఏమీ చెయ్యను."

"మరి తలుపెందుకు?"

"ఏమీ చెయ్యకుండా ఉండాలంటే తలుపుండాలే పిచ్చిమొహమా."

నాన్నమ్మ పోయింది. కొన్నేళ్ళకు తాతయ్య మంచాన పడ్డాడు. పేరున్న మనిషి కదా, చూడటానికి వచ్చేవాళ్ళు వస్తూనే ఉండేవారు. ఆయన గదికి తలుపు లేదు. ముక్కుతున్నా, మూలుగుతున్నా, బట్ట తడుపుకున్నా హాల్లో కూర్చున్నవాళ్ళకి తెలిసిపోయేది. ఒకరోజు మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. ఆయన అత్త చెయ్యి పట్టుకుని, "అమ్మా, నన్ను నీ గదిలో పడుకోబెట్టు. తలుపు వెయ్యి" అన్నాడు. అత్త వెంటనే ఆయనను తన మంచం మీదికి మార్చి, తాను హాల్లో ఆ సిమెంటు అరుగు మీద పక్క వేసుకుంది. పోయేదాకా ఆయన ఆ గదిలోనే ఉన్నాడు. తలుపు తీసినప్పుడల్లా కిర్రుమంటుంటే ఉలిక్కిపడుతున్నాడని, అత్త వడ్రంగిని పిలిపించి పాత బందులు తీయించి కొత్తవి వేయించింది.

"తలుపు మంచి పని చేసిందమ్మా అని ఒక్క మాట అంటాడేమోనని చూశానే" అంది నాతో, ఆయన పోయాక. "అనలేదు. మొండి ముసలాడు."

నాకు కోపం వచ్చింది గానీ, అత్త నవ్వేసింది.

ఇల్లు మా నాన్నకూ, నాన్న తర్వాత అన్నయ్యకూ వచ్చింది. అత్త ఉన్నంతకాలం అందులోనే ఉండొచ్చని తాతయ్య రాసి పోయాడు. అన్నయ్య కూడా ఇళ్ళు గీసేవాడే. తాతయ్య పేరు చెప్పుకోకుండా వాడు కాఫీ కూడా తాగడు. నేనేమో డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. పొద్దున్నుంచీ బ్రేకు, బ్రేకు అని అరిచే నోరు నాది. కాబట్టి మా ఇద్దరికీ ఎప్పుడూ పడదు. పాత కట్టడాలను కాపాడే సంఘం ఒకటి ఉంది. అన్నయ్య వాళ్ళతో మాట్లాడి, ఇంటిని బాగుచేయించి జనానికి చూపించే ఏర్పాటు చేశాడు. వాళ్ళ షరతు ఒకటే, ఇల్లు మొదట కట్టినప్పుడు ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలి. తర్వాత చేర్చినవన్నీ తీసేస్తారు. మొదటివి ఏవీ ముట్టుకోరు.

అత్త అడిగింది కూడా ఒకటే. "నా గది, నా తలుపు నాకుంటే చాలు. మిగతా ఇల్లంతా మీ ఇష్టం వచ్చినట్టు చూపించుకోండి."

"మొదట్నుంచీ ఉన్నవేవీ పోవత్తా. కాగితంలో రాసే ఉంది" అన్నాడు అన్నయ్య.

అత్త మొహం వెలిగిపోయింది. నేను మాత్రం పక్కకు తీసుకెళ్ళి గొణిగాను. "అత్తా, తలుపు సంగతి విడిగా రాయించుకో. వీణ్ణి నమ్మకు."

"ఎందుకే? నా తలుపు ఇల్లు పుట్టినప్పటిది. ఆ రూలు నా కోసమే పెట్టినట్టుంది" అంటూ వెళ్ళి సంతకం పెట్టేసింది.

సంఘం తరఫున ఒక మేడమ్ వచ్చింది. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. చేతులకు తొడుగులు వేసుకుని గోడలు నిమిరి, నేల మీద మోకాళ్ళ మీద పాకి, ఒక్కో స్క్రూ చూసింది. ఆవిడ మంచిదే, ఆ మాట కూడా చెప్పాలి. వంటింటి గట్టు మీద నాన్నమ్మ వేయించుకున్న పలకలు తీయించింది. అద్దాలకు అత్త కట్టిన తెరలు తీయించింది. ఆ తర్వాత అత్త గది దగ్గరకు వచ్చి ఆగింది.

"ఈ తలుపు తర్వాత పెట్టిందండీ" అంది.

అత్త నవ్వింది. "లేదమ్మా. దీని కోసం నేను లారీ ఎక్కకుండా కూర్చున్నాను. ఇది మొదటిదే."

మేడమ్ ఏమీ వాదించలేదు. ప్లాన్ పరిచి చూపించింది, అందులో తలుపు లేదు. ఆ ఫోటో చూపించింది, అందులోనూ లేదు. బందులు చూపించింది. "ఇవి ఇల్లు కట్టాక చాలా ఏళ్ళకు గానీ బజారులోకి రాలేదండీ" అంది.

"అవి నేనే మార్పించాను, నాన్న కోసం. ఫోటో రోజు తలుపు పెరట్లో పెట్టారు. ఆ కుర్చీలో కూర్చున్నది నేనేనమ్మా! నన్నడిగితే చెప్పనూ?" అంది అత్త.

అన్నయ్య అందుకున్నాడు. "అత్తా, తాతయ్య జబ్బు పడ్డప్పుడు పెట్టించిన తలుపు ఇది. నాకు బాగా గుర్తుంది. నీకు అదీ ఇదీ కలిసిపోతోంది."

"నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావురా! నీకేం గుర్తుంది, నా తలకాయ!" అని నేను ఎగిరాను. "నేను ఆ సందులో వేళ్ళు పెట్టి ఆడుకునేదాన్ని."

"నువ్వు అప్పుడెంతదానివి? నీ మాట ఎవరు నమ్ముతారు?"

అదీ వరస. చిన్నదాన్ని కాబట్టి నాకు తెలియదు, పెద్దది కాబట్టి అత్తకు గుర్తులేదు. మధ్యలో ఫోటో ఒక్కటే నిజం చెప్పింది. మేడమ్ బాధగానే అంది, "మేం దొరికిన ఆధారాన్ని బట్టి పోవాలండీ" అని. అత్త ఆ కాగితం తీసి తాను పెట్టిన సంతకం చూసుకుంది. ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పనివాళ్ళు వచ్చి తలుపు ఊడదీశారు. అత్త గుమ్మం పక్కనే నిలబడి చూసింది. గుమ్మానికి ఉన్న స్క్రూ గుంటలను పూడ్చి, రంగు వేసి, అసలు అక్కడ ఏమీ లేనట్టు చేశారు. పనితనం బ్రహ్మాండంగా ఉంది, కాదనను. తలుపును పాత సామాన్ల బండి మీద పడేసి పంపించేశారు. నేను పరిగెత్తే సరికి బండి వీధి దాటిపోయింది.

జనం రావడం మొదలైంది. అత్త గది ముందు తాడు కట్టారు. తాడు ఇవతల జనం, అవతల అత్త. ఇల్లు చూపించే కుర్రాడు ఆ పెద్ద ఫోటో ఎత్తి పట్టుకుని, "ఈ ఫోటోలోని అమ్మాయే ఆవిడ. ఇప్పటికీ ఇక్కడే ఉంటున్నారు" అని చెప్పేవాడు. జనం ఫోటోనూ, అత్తనూ మార్చి మార్చి చూసేవారు. కొందరు చెయ్యి ఊపేవారు. ఒకావిడ, "కొంచెం ఆ కుర్చీలో కూర్చుని పుస్తకం పట్టుకుంటారా?" అని అడిగిందట. అత్త దుప్పటి ఒకటి గుమ్మానికి అడ్డంగా కట్టింది. ఇల్లు తెరిచే వేళకు కాపలావాడు వచ్చి, "ఏమనుకోకండమ్మా, సార్ ఊరుకోరు" అంటూ విప్పేసేవాడు. వాడు వెళ్ళాక అత్త మళ్ళీ కట్టేది. చివరికి అన్నయ్యే ఫోన్ చేసి, "అత్తా, పరువు తీస్తున్నావు" అన్నాడు.

ఆ రోజు ఆవిడ స్నానాల గదిలో గడియ వేసుకుని కూర్చుంది, జనం వెళ్ళిపోయేదాకా. ఆ సంగతి నాకు కాపలావాడు చెప్పాడు. నేను కారు తీసుకుని వెళ్ళి, ఆవిడ సామాన్లు సర్దించి, మా ఇంటికి తీసుకొచ్చేశాను. వచ్చేటప్పుడు అన్నయ్యను ఎన్ని తిట్లు తిట్టానో! అత్త కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

మాది మోటారు మెకానిక్ షాపు మీద రెండు గదుల వాటా. కింద రోజంతా సుత్తి దెబ్బలు, ఇంజన్ల రొద. అత్తకు ఇచ్చిన గది తలుపు ఉబ్బిపోయి గుమ్మంలో ఇరుక్కుంటుంది, తుంటితో ఒక తోపు తోస్తే గానీ పడదు. అత్త సంతోషంగా తోసేది. "భలే గట్టి తలుపే ఇది" అనేది. నేను బయట నుంచి ఏదో అడిగితే "హలో" అని పలికేది. అప్పుడప్పుడు పాత ఇంటిని తలుచుకుని, "వాడు నన్ను అబద్ధాలకోరును చేశాడే. అదే నాకు కడుపు మంట" అనేది. తలుపు పోయిన దానికన్నా తన మాట పోయిన దానికే ఎక్కువ కుమిలిపోయింది.

ఇది జరిగిన ఏడాదికి ఆ ఫోటోగ్రాఫరు కూతురు తండ్రి వస్తువులు సర్దుతూ, పత్రికలో వెయ్యని ఫోటోలు కొన్ని తెచ్చి సంఘానికి ఇచ్చింది. ఒకదాంట్లో తాతయ్య తలుపును ఒక చివర పట్టుకుని వెనక్కి నడుస్తున్నాడు. రెండో చివర ఫోటోగ్రాఫరు. ఎవరు తీశారో మరి, బహుశా మా నాన్నే తీసి ఉంటాడు, ఒక పక్కకు ఒరిగి ఉంది. గుమ్మంలో ఒక ఆడపిల్ల పిడికిళ్ళు బిగించుకుని నిలబడి ఉంది.

అన్నయ్య ఫోన్ చేశాడు. "అత్తా, నువ్వు చెప్పిందే నిజం. తలుపు పెట్టేస్తున్నాం. ఒకసారి వచ్చి చూడు."

అత్త ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. చెంపల మీద కన్నీళ్ళు, పెదాల మీద నవ్వు. "చూశావుటే? నేను అబద్ధం చెప్పలేదు. నా తలుపు నాకిచ్చేస్తున్నారు" అంది. అప్పటికప్పుడు తన పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది. ముందు చూసొద్దాం, తర్వాత సర్దుకుందువు గాని అంటే వినలేదు. పెట్టె కారు డిక్కీలో పెట్టుకునే వెళ్ళాం.

తలుపు ఉంది. కొత్త చెక్కతో పాతదానిలాగే చేయించారు, అదే లేత రంగు, అదే గడియ. పక్కన గోడకు ఆ ఫోటో, దాని కింద ఒక బోర్డు. తన కూతురి ఏకాంతాన్ని గౌరవించి ఈ గదికి మాత్రం వాస్తుశిల్పి ప్రత్యేకంగా తలుపు పెట్టారని బోర్డు మీద రాసి ఉంది. నేను చదివి నోరు తెరిచే లోపే, అత్త గదిలోకి వెళ్ళి తలుపు పట్టుకుని లాగింది.

అది కదల్లేదు. మళ్ళీ లాగింది. రెండు చేతులతో లాగింది.

"అత్తా, ఆగు, విరుగుతుంది" అంటూ అన్నయ్య పరిగెత్తుకొచ్చాడు. "కింద నేలకు బోల్టు వేశాం. తెరిచే ఉండాలి కదా, లేకపోతే వచ్చినవాళ్ళకి గది కనబడదు. పైగా ఇందులో ఇక ఎవరూ ఉండరు కూడా. నీ సామాన్లు వెళ్ళిపోయాయిగా."

"ఒరేయ్, నీకు మనిషి జన్మేనా!" అని నేను అరిచాను. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళు అందరూ మా వైపు తిరిగారు. అత్త నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఊరుకోవే. అందరూ చూస్తున్నారు" అంది. తర్వాత అన్నయ్యతో, "బాగుందిరా. బాగా చేయించావు" అంది. అంతే. వాడు మురిసిపోయాడు కూడా.

అత్త ఇంటికి వచ్చాక పెట్టె మంచం కిందికి తోసి పడుకుంది.

ఆ రోజు నుంచి అత్త మా ఇంట్లో తలుపు వేసుకోవడం లేదు. కింద షాపు మెకానిక్ ఏదో పని మీద పైకి వచ్చినా, నా దగ్గర కారు నేర్చుకునేవాళ్ళు హాల్లో కూర్చున్నా అలాగే బార్లా తెరిచి పడుకుంటుంది. బట్టలు మార్చుకునేటప్పుడు కూడా వెయ్యదు. నేనే పరిగెత్తి తుంటితో తోసి వేస్తాను.

"ఎందుకే అంత హైరానా?" అంటుంది లోపల నుంచి. "ఉండనీ. చూస్తే చూడనీ."